పద్దెనిమిదో చుక్క

"అతుక్కుందంట మామయ్యా!"

ఈ కబురు వచ్చేసరికి చుక్కలాయన తొమ్మిదో చుక్క దగ్గరున్నాడు. తల ఎత్తలేదు. చుక్క సీసా మూతికి వేలాడి, కాస్త సాగి, ఇక తప్పదన్నట్టు గాజుగొట్టంలోకి జారింది. గొట్టాన్ని మూడుసార్లు గుండ్రంగా తిప్పి, తెల్లకాగితం ముందు పెట్టి చూశాడు. సీసా కింద పెట్టి, తొమ్మిది మరిచిపోకుండా ఎడమచేతి చిటికెనవేలు మడుచుకుని, అప్పుడు "ఎవరిది?" అన్నాడు.

"కొత్తజంటది. పోయిన నెల ఊదారంగు పగడం ముక్క పట్టుకెళ్ళారే, వాళ్ళది. ఫోటోలు పంపింది ఆ అమ్మాయి. పదకొండు! అన్నిట్లోనూ పగడం కంటే ఆమె వేలే ఎక్కువ కనబడుతోంది."

కొట్టు యజమానురాలు ఫోను ఆయన ముక్కుదాకా తెచ్చింది. చుక్కలాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. వేలెడంత పగడం ముక్క. దాన్ని రాతికి జిగురుతో అంటించి ఇచ్చింది తనే. ఇప్పుడు ఆ జిగురు దాటి, ముక్క అడుగున గోరంచు వెడల్పున పలచని చర్మం రాతిమీదికి పాకింది. ఎవరూ అతికించకుండా, తనంతట తాను. ఇల్లు నచ్చిందని పగడం చెప్పే మాట అదొక్కటే.

"ఊఁ. బాగుంది," అన్నాడు. ఫోటోలో ముక్క మట్టిరంగులో ఉంది. దీపాల వల్లేమో అనుకున్నాడు.

"అంతేనా? ఆ పిల్ల అక్కడ గంతులేస్తోంది. మందులు ఎంచుకోడానికి ఇద్దరూ వస్తున్నారంట, నీళ్ళు పట్టుకుని. కాస్త నవ్వుతూ మాట్లాడు మామయ్యా."

"నవ్వుతూనే ఉన్నాగా."

"అది నవ్వా? నేను పంటినొప్పి అనుకున్నా."

ఆయన చిటికెనవేలు విప్పి పదో చుక్క వేశాడు.

చుక్కలాయన ఈ బల్ల దగ్గర కూర్చుని ఇరవై ఆరేళ్ళయింది. అంతకుముందు ఒక కాలేజీ ప్రయోగశాలలో అటెండరు. విద్యార్థులు పగలగొట్టిన గాజు ఊడుస్తూ, మిగిలిన గాజు కడుగుతూ, వాళ్ళ భుజాల మీదుగా తొంగి చూసి నేర్చుకున్న విద్య ఇది. కాలేజీ మూతపడ్డాక ఈ చేపల కొట్టు పెద్దాయన పిలిచి బల్ల చూపించాడు. పెద్దాయన పోయాడు, ఆయన కూతురు యజమానురాలైంది, కొట్టు ముందు బోర్డు మూడుసార్లు మారింది. మారనిది ఈ ఎత్తుపీట ఒక్కటే. దాని మీద భార్య కుట్టి ఇచ్చిన మెత్త ఎప్పుడో అప్పడంలా అణిగిపోయింది. ఉప్పునీళ్ళలో నాని నాని ఆయన గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా పగిలి ఉంటుంది. ఇంటికెళ్ళి పులుసన్నం కలుపుకుంటే చురుక్కుమంటుంది.

పని చెప్పుకోడానికి చాలా చిన్నది. పగడం చూడ్డానికి చెట్టుకొమ్మలా ఉంటుంది కానీ ప్రాణి. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియంతో, క్షారంతో తన ఎముక తానే కట్టుకుంటుంది. సముద్రంలో ఆ రెంటికీ కొదవ లేదు. ఇంట్లో గాజుతొట్టిలో మాత్రం తిన్నకొద్దీ తరిగిపోతాయి. తరిగినంతా మళ్ళీ మందుగా పోయాలి. ఎంత తరిగిందో కొలిచి చెప్పేది చుక్కలాయన. గొట్టంలో నీళ్ళు పోసి పొడి కలిపితే గులాబీరంగు వస్తుంది. పరీక్షమందు చుక్కచుక్కగా వేస్తూ పోతే ఒకచోట గులాబీ కాస్తా నీలమవుతుంది. ఎన్నో చుక్కకి మారిందన్నదే లెక్క. ఇరవై ఒకటికి మారితే తొట్టి క్షేమం. పద్దెనిమిదికే మారిందంటే పగడం పస్తులుంటున్నట్టు.

ఈవేళ ఆయన వేళ్ళు కాస్త బరువుగా ఉన్నాయి. పొద్దున ఇంట్లో దారం గొడవ ఒకటి అయింది.

భార్య ఇంటి ముందుగదిలో కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. గౌనులకి ముదురు నీలం దారం అయిపోయిందంటే నిన్న సాయంత్రం వస్తూ వస్తూ ఆయనే తెచ్చాడు. పొద్దున ఆమె ఉండ విప్పి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, తిరిగొచ్చి ఆయన కాఫీ పక్కన పెట్టింది.

"ఇదేం దారమండీ?"

"నువ్వు చెప్పిందే. నీలం."

"ఇది నీలమైతే నా జుట్టూ నీలమే. నిన్నటిదాకా నల్లటి పెళ్ళాం అనుకున్నారా, నీలంరంగు పెళ్ళాం అనుకున్నారా?"

"కొట్టువాడు అదే ఇచ్చాడు మరి."

"కొట్టువాడు ఇస్తే? మీకు కళ్ళు లేవూ?"

ఆయన కాఫీ తాగాడు. ఆమె అంతటితో ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే మరిచిపోయిందని కాదు, లోపల ఎక్కడో మడతపెట్టి దాచిందని. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో ఆమాత్రం ఆయనకి తెలుసు.

పదకొండు గంటలకి కొత్తజంట వచ్చింది. ఆ అమ్మాయి నీళ్ళసీసాని తువ్వాలులో చుట్టి, చలిగాలి తగలకూడనట్టు రెండు చేతులతో పట్టుకొచ్చింది. వెనకాల భర్త గొడుగూ, ఆమె సంచీ, ఆమె చెప్పుల్లోంచి ఊడిపోయిన పట్టీ పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్‌గారూ, అతుక్కుంది!" అంది, గడప దాటకముందే.

"చూశానమ్మా. ఫోటోలొచ్చాయి."

"మూడు రోజులుగా అనుమానంగానే ఉంది నాకు. ఈయన జిగురే అన్నారు. పొద్దున భూతద్దం పెట్టి చూస్తే చర్మం!"

"నేను ఆఫీసుకి సెలవు పెట్టాను సార్," అన్నాడు భర్త. "ఏమని రాయాలో తెలీక ఇంట్లో శుభకార్యం అని రాశా."

యజమానురాలు పకపకా నవ్వింది. చుక్కలాయనకి కూడా మూతి ఒక పక్కకి వంగింది. ఆ ఇద్దరూ బల్ల ముందు నిలబడటానికి కావలసినంత చోటు ఉంది. అయినా ఒక్కరు పట్టేంత చోట్లోనే భుజాలు ఆనించుకుని నిలబడ్డారు. సీసా మూత తెరవడం, అందులో ఒక చుక్క ఒలకడం, ఆ చుక్కని ఇద్దరూ ఒకేసారి తుడవబోవడం, ప్రతిదీ వాళ్ళకి ఒక సంగతే.

గోడ పొడుగునా అరల్లో మందుసీసాలు నిలబడి ఉన్నాయి. కాల్షియం, క్షారం, మెగ్నీషియం, రంగు పెంచేవి, ఆకలి పెంచేవి, అన్నీ కలిపిన ఏడు సీసాల పెట్టె ఒకటి. ఆ అమ్మాయి కళ్ళు తిన్నగా ఆ పెట్టె మీదికే పోయాయి.

"అది తీసుకుంటే అన్నీ ఉంటాయి కదా?"

"పరీక్ష కానియ్యమ్మా," అన్నాడు చుక్కలాయన. "కొలవంది పొయ్యకూడదు. లోటేమిటో తెలీకుండా మందు పోస్తే అది వైద్యం కాదు, వంట."

ఆయన గొట్టంలో గీతదాకా నీళ్ళు పోశాడు, పొడి వేశాడు, తిప్పాడు. గులాబీరంగు వచ్చిందని ఆ అమ్మాయి "అబ్బ, ఎంత బాగుందో" అంది. ఆయనకది వెలిసిపోయిన ఇటుకరంగులా ఉంది. ఒకటి, రెండు, మూడు. పన్నెండు. పదిహేను. ఆయన పెదవులు శబ్దం లేకుండా కదులుతున్నాయి. పద్దెనిమిది. తిప్పాడు. కాగితం ముందు పెట్టాడు. పంతొమ్మిదో చుక్కకి సీసా వంచాడు.

"అయిపోయిందిగా బాబాయ్‌గారూ?"

"ఇంకా ఉందమ్మా."

పంతొమ్మిది పడింది. తిప్పాడు. ఇరవైకి వంచాడు.

"నీలం అయిపోయింది కదా! ఇందాకే అయిపోయింది. ఏమండీ, మీరు చూళ్ళేదూ?"

"నీలమే," అన్నాడు భర్త. "మీ పెన్నుమూతలాగే ఉంది సార్, అచ్చు."

చుక్కలాయన జేబులోని పెన్ను తీసి మూత చూశాడు. గొట్టం చూశాడు. రెండూ ఒకటే అంటున్నారు. రెండూ ఒకటిగానే ఉన్నాయి, పాత్రలు కడిగిన నీళ్ళలా. ఎప్పటినుంచి ఇలా ఉన్నాయో ఆయనకి గుర్తులేదు. ఒకప్పుడు ఆ నీలం చటుక్కున వచ్చేది, చీకటిగదిలో దీపం వేసినట్టు. తర్వాత తర్వాత కాస్త ఆలస్యంగా, కాస్త మురికిగా రావడం మొదలైంది. మందు పాతదేమో, గొట్టం సరిగ్గా కడగలేదేమో అనుకున్నాడు. ఆ తర్వాత అది రావడానికి ఎదురుచూడటం కూడా మానేశాడు. చెయ్యి ఇరవై ఒకటి దాకా వెళ్ళి తనంతట తాను ఆగేది. బాగున్న నీళ్ళన్నీ అక్కడే ఆగుతాయని చేతికి తెలుసు.

"మందు కాస్త పాతబడ్డట్టుంది," అన్నాడు. "ఇంకోసారి చేద్దాం. ఈసారి నువ్వే చెప్పమ్మా, ఎక్కడ ఆగాలో."

ఆ అమ్మాయి గడ్డం బల్లకి ఆనించి, గొట్టం ఎదురుగా కళ్ళు పెట్టి కూర్చుంది. భర్త ఊపిరి బిగబట్టాడు. చుక్కలాయన మొదటి నుంచీ లెక్కపెట్టాడు.

"ఆగండి!"

పద్దెనిమిది.

"ఆకలితో ఉందమ్మా నీ పిల్ల," అన్నాడు చుక్కలాయన. "ఎదగడం మొదలుపెట్టింది కదా, తింటోంది."

తర్వాత క్షారం పరీక్ష. అదీ ఆమే చెప్పింది, ఆయన వేశాడు. అందులోనూ కాస్త లోటుంది. ఆయన లేచి, ఏడు సీసాల పెట్టె దాటి, కింది అరలోంచి సాదా సీసాలు రెండు తీశాడు. తెల్లమూత కాల్షియం. ఎర్రమూత క్షారం. యజమానురాలు పెట్టె వైపు ఒకసారి ఆశగా చూసి ఊరుకుంది.

"తెల్లమూత పొద్దున, ఎర్రమూత సాయంత్రం. ఒక్కో మూతలో సగం, నీళ్ళు ఉరవడిగా పారేచోట. రెండూ ఒకేసారి పొయ్యొద్దు. ఒకటికొకటి తగిలితే పాలు విరిగినట్టు విరిగి సున్నమై అడుక్కి పోతాయి. పగడానికి ఏదీ దక్కదు. రెండూ మంచివే. ఒకచోట కలవకూడదంతే."

"మా అమ్మా, మీ అమ్మా అన్నమాట," అన్నాడు భర్త.

"ఆ మాట ఇంటికెళ్ళాక ఎర్రమూతగారికి ఫోన్ చేసి చెప్తా ఉండండి," అంది ఆమె. "బాబాయ్‌గారూ, దానికి పేరు కూడా పెట్టాం, తెలుసా?"

"చెప్పకు," అన్నాడు భర్త, చెవులు ఎర్రబడుతుంటే. "ఎవరికీ చెప్పనని ఒట్టేశావు."

వాళ్ళు వెళ్ళిపోయారు. వీధి మలుపు దాకా ఆమె మాట వినబడుతూనే ఉంది.

చుక్కలాయన లెక్కల పుస్తకం ముందుకి లాక్కున్నాడు. దాని మీద బరువుకి పెట్టిన తెల్లటి పగడపు ఎముకని పక్కన పెట్టాడు. వాడుకగా నీళ్ళు కొలిపించుకునేవాళ్ళు పద్నాలుగు ఇళ్ళవాళ్ళు. ఇంటికో పేజీ. వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. ఇరవై ఒకటి. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై ఒకటి. ఏడు నెలల కిందటి దాకా అంకెలు రకరకాలుగా ఉన్నాయి, పదిహేడులూ పంతొమ్మిదులూ ఇరవై మూడులూ. అక్కణ్ణుంచి ఇటు పద్నాలుగు ఇళ్ళ నీళ్ళూ ఒక్క బావిలోంచి తోడినట్టున్నాయి.

పళ్ళ డాక్టరమ్మ పేజీ తెరిచాడు. అక్కడా అవే.

ఆమె పగడాలు రెండు నెలల్లో ఒకదాని తర్వాత ఒకటి కొసలు వెలిసిపోయి, తోలు ఊడి, ఎముకలయ్యాయి. ప్రతివారం నీళ్ళు తెచ్చేది. ప్రతివారం ఆయన ఇరవై ఒకటి అనేవాడు. మందు పోద్దామా అని ఆమె అడిగితే అక్కర్లేదనేవాడు. చివరిసారి వచ్చినప్పుడు "నీళ్ళలో లోపం లేదమ్మా, ఆసుపత్రి మందులు అంటిన చేతులతో తొట్టిలో పెడుతున్నారేమో. మీ చెయ్యి వాటికి పడ్డంలేదు," అన్నాడు. ఆమె తన చేతులకేసి చూసుకుంది. రోజుకి ఇరవైమంది నోళ్ళలో నొప్పి తీసే చేతులు. "అయ్యుంటుందిలెండి. నా చెయ్యి మంచిది కాదేమో," అని, తొట్టి అమ్మిపెట్టమని కొట్లోనే వదిలి, మిగిలిన ఎముక ఒకటి ఈ బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆయన ఆ ఎముకని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. దాని తెలుపు మాత్రం స్పష్టంగా కనబడుతోంది.

ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి లెక్కల మాస్టారింటికి వెళ్ళడం అలవాటు. ఈవేళ గురువారమే. రిటైరైన మనిషి, మోకాళ్ళు పనిచెయ్యవు, అందుకని ఆయన ఒక్కరికే ఇంటికెళ్ళి పరీక్ష చేస్తాడు. ముందుగదిలో గోడంత తొట్టి. లోపల పగడాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి. ఏడు నెలలుగా ఇరవై ఒకటే అని రాసి, మందు అక్కర్లేదని తను చెబుతూ వచ్చిన తొట్టి ఇంత పచ్చగా ఎలా ఉందో ఈవేళే ఆయనకి తట్టింది.

గొట్టం, సీసా బల్లమీద పెట్టాడు. తెరవలేదు.

"మాస్టారూ, మీ దగ్గర వేరే పరీక్షమందు ఉందా?"

మాస్టారు చదువుతున్న పేపరు మడిచారు. మళ్ళీ విప్పారు.

"ఎందుకయ్యా?"

"ఉందా, లేదా?"

"ఉంది. వంటింట్లో, కారండబ్బా వెనకాల."

"ఎన్నాళ్ళనుంచి?"

"వానలకి ముందునుంచి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూడు వారాలు వరసగా ఒకే అంకె వచ్చింది. ఒక పిల్లాడు మూడు పరీక్షల్లోనూ ఒకే మార్కు తెచ్చుకుంటే మాస్టారు ఏమనుకుంటాడు? నువ్వెళ్ళాక నేనే కొలుచుకుని, మందు పోసుకుంటున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రావడం మానేస్తావని."

తొట్టిలో పంపు సన్నగా రొద పెడుతోంది. వంటింట్లో ఎవరో గ్లాసులు కడుగుతున్నారు.

"మాస్టారూ, మీరు నాకు సున్నా వెయ్యాల్సింది."

"ముప్ఫై ఏళ్ళు వేశానయ్యా సున్నాలు. నీకు వెయ్యడానికి చెయ్యి రాలేదు. టీ వస్తోంది, కూర్చో."

"మీకు కారండబ్బా వెనకాల ఇంకో మందుంది. డాక్టరమ్మకి లేదు. నా మాటొక్కటే ఉంది ఆమెకి," అన్నాడు చుక్కలాయన. గొంతు పెంచలేదు. టీ వచ్చింది, తాగాడు కూడా. మాస్టారు గుమ్మం దాకా లేచి రాబోయి మోకాలు పట్టుకుని ఆగిపోయారు.

కొట్టుకి తిరిగొచ్చేసరికి అయిదు దాటింది. యజమానురాలు చేపలకి మేత వేస్తోంది. ఆయన చెబుతుంటే ఆమె చేతిలో మేత డబ్బా అలాగే వంగి ఉండిపోయింది. పసుపుచేపల తొట్టిలో రెండు రోజుల మేత పడింది.

"ఎవరితోనన్నా అన్నావా మామయ్యా?"

"మాస్టారికి ముందే తెలుసు."

"ఇంకెవరితో అనకు. నీకు దణ్ణం పెడతాను. రంగు చూసి అంకె చెప్పే మిషను ఉంది, తెప్పిస్తాను. మెల్లమెల్లగా అందరికీ మందులు సరిచేసేద్దాం. నాన్నగారి కొట్టు ఇది. చుక్కలాయన మాటంటే మాటే అని వస్తారు మనుషులు."

"అందుకే చెప్పాలమ్మా."

"చెప్తే ఏం వస్తుంది? పోయినవి తిరిగొస్తాయా?"

"పోయినవి రావు. ఉన్నవి పోతాయి. మెల్లమెల్లగా అంటున్నావు నువ్వు. మెల్లమెల్లగానే పోయాయి డాక్టరమ్మవి."

ఆమె పీట మీద కూర్చుండిపోయింది, ఆయన పీట మీద. చిన్నప్పుడు బడినుంచి వచ్చి ఆ పీట ఎక్కి గొట్టాలు తిప్పుతానని ఏడ్చిన పిల్ల.

"కళ్ళు చూపించుకో మామయ్యా. పొరే అయ్యుంటుంది, తీసేస్తారు. మళ్ళీ నువ్వే కూర్చుందువుగాని."

"చూద్దాం. మిషను తెప్పించు. అది అబద్ధం చెప్పదు, అలిసిపోదు."

ఆయన లెక్కల పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. పరీక్షమందు పెట్టె ఒకటి సంచిలో వేసుకున్నాడు. పగడపు ఎముకని జేబురుమాలులో చుట్టి దాంతోపాటే పెట్టాడు. కొట్టు తాళంచెవి బల్లమీద పెట్టి, "ఆ పసుపుచేపల మేత తోడెయ్యమ్మా, నీళ్ళు పాడవుతాయి," అని మెట్లు దిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వల కోసం వెతుకుతోంది.

ఇంటికొచ్చేసరికి మిషను ఆగి ఉంది. గౌన్లు కుర్చీమీద దొంతరగా, అంచులు కుట్టకుండా పడి ఉన్నాయి. భార్య ఆయన చేతిలో పుస్తకం చూసింది, సంచి చూసింది. మంచినీళ్ళిచ్చింది. తర్వాత సొరుగు లాగి నాలుగు దారపు ఉండలు తీసి మిషను బల్లమీద వరసగా పెట్టింది.

"ఇందులో నీలం ఏదో చెప్పండి."

ఆయన వంగి చూశాడు. మూడోది పట్టుకున్నాడు. వదిలేసి రెండోది పట్టుకున్నాడు. ఆమె మొహం చూసి తెలుసుకుందామనుకున్నాడు కానీ ఆమె తల దించుకుని ఉంది.

"ఇందులో నీలం లేనే లేదండీ," అంది మెల్లగా. "నల్లవి రెండు, ఊదా ఒకటి, బూడిదరంగు ఒకటి."

ఆయన అక్కడే గౌన్ల మీద కూర్చుండిపోయాడు. లేవమని ఆమె అనలేదు. అంతా చెప్పాడు. కొత్తజంట, పద్దెనిమిది, మాస్టారి కారండబ్బా, డాక్టరమ్మ చేతులు. ఇరవై ఆరేళ్ళలో ఆయన కొట్టు గురించి ఇంటి దగ్గర ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదలు. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"పొద్దున నేను అట్లా అనకుండా ఉండాల్సింది, కళ్ళు లేవా అని."

"ఉన్నమాటేగా."

"ఉన్నమాటైనా. కాఫీ తాగేప్పుడు అనకూడదు." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు కళ్ళాసుపత్రికి పోదాం. పొద్దున్నే పోతే తొందరగా చూస్తారు."

"రేపు కాదు. పద్నాలుగు ఇళ్ళకీ పోయి చెప్పి, మళ్ళీ కొలవాలి. కొత్తజంటది ఈవేళే అయిపోయింది, మాస్టారు కొలుచుకుంటారు, డాక్టరమ్మకి తొట్టే లేదు. మిగతా పదకొండూ కొలవాలి. కళ్ళు బాగయ్యాక కొలుద్దామంటే ఈలోపు ఎన్ని పోతాయో."

"కళ్ళు కనబడకుండా ఎట్లా కొలుస్తారు?"

ఆ సంగతి ఆయన దారి పొడుగునా ఆలోచిస్తూనే వచ్చాడు. కొత్తజంట అమ్మాయిని అడుగుదామనుకున్నాడు. పెళ్ళయి మూణ్ణెల్లయినా కాని పిల్లని ఇంటింటికీ ఏం తిప్పుతాడు?

భార్య దారపు ఉండలు ఒక్కొక్కటే సొరుగులో పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె పని అదే. గుడ్డకి దారం కలపడం, నీలాల్లో నీలాలు విడదీయడం, ఈ బడి నీలం వేరు ఆ బడి నీలం వేరు అని ఒక్క చూపుకి చెప్పడం.

"ఆ నీళ్ళు మారేది నీలంలోకేనా?" అంది.

"ఊఁ. గులాబీలోంచి నీలంలోకి."

"చటుక్కున మారుతుందా, నాన్చుతుందా?"

"చటుక్కునే. ఒక్క చుక్కకి."

"అయితే రేపు నేనూ వస్తా." సొరుగు మూసింది. "చుక్కలు మీరు వెయ్యండి. రంగు నేను చెప్తా. గౌన్లు ఎల్లుండి ఇస్తానని బడివాళ్ళకి కబురు పంపుతా. కళ్ళాసుపత్రికి ఎల్లుండి సాయంత్రం. మళ్ళీ కాదన్నారంటే ఊరుకోను."

"ఎండలో తిరగాలి."

"గొడుగుంది. ఇద్దరికీ ఒకటి చాలదూ?" అని, ఆ మాటకి తనే ఒక క్షణం తడబడి, లేచి వంటింటి వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. "మొదట ఎవరింటికి?"

"పళ్ళ డాక్టరమ్మ ఇంటికి. పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రికి పోతుంది. ఏడింటికల్లా ఆమె గుమ్మంలో ఉండాలి."

"అక్కడ కొలవడానికేముంది? తొట్టే లేదన్నారుగా."

"కొలవడానికి కాదు. ఆమె చెయ్యి మంచిదేనని చెప్పడానికి."

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. చుక్కలాయన సంచిలోంచి ఒక్కొక్కటే తీసి రేపటికి సర్దుకున్నాడు. పొడి డబ్బా, చుక్కల సీసా, పెట్టెలోని కొత్త గొట్టం, తెల్లకాగితం, పుస్తకం, జేబురుమాలులో ఎముక. ఇంకేదో మరిచిపోయాననిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుటి గొట్టం కడగలేదు.

మూసిన కొట్లో, అణిగిపోయిన మెత్త ఉన్న పీట ఎదుట, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి కడగకుండా వదిలేసిన గాజుగొట్టం బల్లమీద నిలబడి ఉంది. అందులో నీళ్ళు నీలంగానే ఉండి ఉంటాయి.